వోగ్ నేర్చుకుంటున్న మధుకి

చిరంజీవి మధుకి,

ఫోన్లో నోరు పెగలని సంగతులు నువ్వు రాసి పంపావు కాబట్టి నేనూ రాసే జవాబిస్తున్నాను. కాస్త పొడుగే ఉంటుంది, తీరిగ్గా చదువుకో.

నీ ఉత్తరంలో మూడు విషయాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయాయి. డేటింగ్ యాప్‌లో నీ ఫొటో చూసి ఒకడు రాసిన నీచమైన మాట ఒకటి. మీ యూనివర్సిటీలో మనవాళ్ళ దీపావళి వేడుకకి నువ్వు తయారుచేస్తున్న వోగ్ డాన్సు రెండోది. ఆ డాన్సు మధ్యలో చీర కట్టుకుని, హిజ్రాల్లా చప్పట్లు కొడుతూ శిఖండి కథ చెప్పాలనుకున్న ఘట్టం మూడోది. నీ రిహార్సల్ చూసిన నల్లజాతి అమ్మాయి, నీతో కలిసి చదువుకునే పిల్ల, "ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో నీకు తెలుసా" అని అడిగితే నీకు చిర్రెత్తుకొచ్చింది. "తెల్లవాళ్ళు నన్ను దగ్గరికి రానివ్వరు, నా ఒళ్ళూ నలుపేగా, నేను ఇంకొకళ్ళది ఎత్తుకుపోయినట్టు ఎలా అవుతుంది పెద్దమ్మా" అని రాశావు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. నీకు తగిలిన దెబ్బ నిజం. ఆ దెబ్బ తగిలినంత మాత్రాన, ఇంకొకళ్ళు ఆకలితో, అవమానంతో కట్టుకున్నదాని మీద నీకు హక్కు రాదు. ఈ అమెరికాలో క్వియర్ మనుషుల మధ్య బతకాలంటే ఈ రెండూ ఒకేసారి గుర్తుంచుకోవాలి.

ముందు ఆ యాప్ సంగతి. "నా ఇష్టం నాది, ఇందులో జాతివివక్ష ఏముంది" అని వాడు ఎదురు వాదించాడని రాశావు. ఇష్టాలు ఆకాశంలోంచి ఊడిపడవు నాన్నా. మన పత్రికల పెళ్ళి ప్రకటనల్లో "తెల్లని, అందమైన" అన్న మాటలు పక్కపక్కనే ఎన్ని తరాలు అచ్చయ్యాయో చూడు. ఆ ప్రకటన ఇచ్చిన ప్రతి తండ్రీ అది తమ ఇంటి ఇష్టమనే అనుకున్నాడు. ఇక్కడా అంతే. ఎవరి ముఖం ప్రేమకథల్లో కనబడిందో, ఎవరి ముఖం దొంగగానో టాక్సీ డ్రైవరుగానో కనబడిందో, దాన్నిబట్టే ఇష్టాలు తయారయ్యాయి. 2020 జూన్‌లో, జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత ఊరూరా జనం రోడ్ల మీద ఉన్న రోజుల్లో, గ్రైండర్ యాప్ మనుషుల్ని జాతిని బట్టి వడపోసే ఫిల్టరు తీసేస్తున్నానని ప్రకటించింది. అంటే అప్పటిదాకా ఒక్క మీట నొక్కితే ఫలానా జాతి వాళ్ళెవరూ కళ్ళబడకుండా చేసుకునే వీలుండేదన్నమాట. వాడి మాటకి నువ్వు సిగ్గుపడకు. అద్దం ముందు నిలబడి నీ రంగుని తిట్టుకోవడం మానెయ్యి. ఆ సిగ్గు వాడిది.

"ఈ తెల్లవాళ్ళూ నాలాగే ఇళ్ళల్లోంచి గెంటించుకున్నవాళ్ళే కదా, వాళ్ళకి ఈ నొప్పి తెలీదా" అని అడిగావు చూడు, ఆ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కష్టపడ్డవాడికి ఇతరుల కష్టం దానంతటదే అర్థమవుతుందని మనం ఆశపడతాం. అలా జరగదు. ఒక తలుపు దగ్గర గెంటించుకున్న మనిషి, ఇంకో తలుపు దగ్గర తానే కాపలాదారుగా నిలబడగలడు. ఫిలడెల్ఫియాలో గే బార్లు ఎక్కువగా ఉన్న పేటలో జరిగిందదే. నల్లజాతి వాళ్ళు ఎక్కువగా తొడిగే బూట్లూ ప్యాంట్లూ చూసి, దుస్తుల నియమం పేరు చెప్పి లోపలికి రానివ్వడం లేదని ఏళ్ళ తరబడి గోల. 2016లో ఒక బారు యజమాని నల్లవాళ్ళని బూతు మాట అంటున్న వీడియో బయటపడితే గానీ నగరం కదల్లేదు. 2017లో అక్కడి నగర కార్యాలయం ఇంద్రధనుస్సు జెండాకి నలుపు, గోధుమరంగు చారలు రెండు కలిపి ఎగరేసింది. దాని మీద లేచిన రగడ నాకు బాగా గుర్తుంది. జెండాలో జాతి ఎందుకు తెస్తున్నారని కోప్పడినవాళ్ళలో చాలామంది, ఆ బార్ల గుమ్మాల దగ్గర జాతి ఉన్నన్నాళ్ళూ కిమ్మనలేదు.

ఇప్పుడు నీ డాన్సు దగ్గరికి వస్తాను. ఆ అమ్మాయి నిన్ను అడిగిన ప్రశ్నకి జవాబు తెలుసుకోకుండా నువ్వు ఆ వేదిక ఎక్కకూడదు. అందుకని నాకు తెలిసింది చెబుతాను.

న్యూయార్క్ హార్లెంలో నల్లజాతి వారి హామిల్టన్ లాడ్జ్ అనే సంఘం 1869 నుంచీ ఏటా మారువేషాల బాల్ జరిపేది. రానురాను అది మగవాళ్ళు ఆడవేషాల్లో పోటీపడే పెద్ద సంబరమైంది. 1920లకల్లా తెల్లవాళ్ళు కూడా పనిగట్టుకుని వచ్చి చూసేవాళ్ళు. చూడ్డానికి రావడం వేరు, పోటీలో న్యాయం చెయ్యడం వేరు. తర్వాతి దశాబ్దాల్లో తెల్లవాళ్ళ ఆధ్వర్యంలో జరిగిన డ్రాగ్ పోటీల్లో నల్లజాతి పోటీదారులు గెలవాలంటే ముఖానికి తెల్లరంగు దట్టించుకోవాల్సి వచ్చేది. 1967లో న్యూయార్క్‌లో జరిగిన ఒక అందాల పోటీలో క్రిస్టల్ లబేజా అనే నల్లజాతి డ్రాగ్ కళాకారిణి చివరి వరుసదాకా వచ్చింది. కిరీటం తెల్ల పోటీదారుకి దక్కింది. క్రిస్టల్ వేదిక దిగి వెళ్ళిపోయింది. తెరవెనక కెమెరా తిరుగుతుండగానే, ఈ పోటీ ముందే నిర్ణయమైపోయిందని నిర్వాహకుల్ని నిలదీసింది. 1968లో వచ్చిన 'ది క్వీన్' అనే డాక్యుమెంటరీలో ఆ కోపం అంతా ఉంది. వీలైతే చూడు. ఆ ముఖంలో నీకు నీ యాప్ అవమానం కనబడుతుంది.

ఆవిడ కోప్పడి ఊరుకోలేదు. 1970ల మొదట్లో నల్లజాతి వాళ్ళ కోసం నల్లజాతి వాళ్ళే నడిపే బాల్ పెట్టింది, హౌస్ ఆఫ్ లబేజా కట్టింది. ఆ తర్వాత డుప్రీ, నింజా, పెండావిస్, ఎక్స్‌ట్రావగాంజా, ఇలా ఎన్నో హౌస్‌లు వెలిశాయి. హౌస్ అంటే ఉత్త డాన్సు బృందం కాదు. ఇంట్లోంచి తరిమేసిన నల్లజాతి, లాటినో పిల్లలకి ఒక మదర్, ఒక ఫాదర్, అక్కచెల్లెళ్ళు, వంటింట్లో ఇంత తిండి. ఎయిడ్స్ వచ్చిన పిల్లల్ని కన్నవాళ్ళు ముట్టుకోని కాలంలో ఆస్పత్రి మంచాల పక్కన కూర్చున్నది ఈ హౌస్ మదర్లే. నువ్వు నేర్చుకుంటున్న ఆ చేతుల విరుపు, ఆ నేలకొరుగుడు, ఫ్యాషన్ పత్రిక అట్ట మీద బొమ్మలా ఒక్క క్షణం బిగుసుకుని నిలబడడం, ఇవన్నీ ఆ రాత్రుల్లో, ఆ హాళ్ళలో పుట్టినవి. ఆ పత్రికల్లోకి తమను ఎవరూ రానివ్వరని తెలిసిన పిల్లలు, తమ ఒంటితోనే పత్రిక వేసుకున్నారు.

తర్వాత ఏం జరిగిందో చూడు. 1990లో మడోనా 'వోగ్' పాట ప్రపంచమంతా మోగింది. ఎక్స్‌ట్రావగాంజా హౌస్ కుర్రాళ్ళు హోసే, లూయిస్ ఆ పాటకి నృత్యం కూర్చారు, ఆమెతో దేశాలు తిరిగారు. అది వాళ్ళకి దక్కిన మాట నిజమే. కానీ ఆ పాటలో వరసగా వినిపించే పేర్లు దాదాపు అన్నీ పాత హాలీవుడ్ తారలవి. హార్లెం హాళ్ళలో ఆ నాట్యాన్ని పెంచినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. ఆ రోజుల్లోనే జెన్నీ లివింగ్‌స్టన్ అనే తెల్లజాతి లెస్బియన్ దర్శకురాలు ఈ బాల్‌ల మీద 'పారిస్ ఈజ్ బర్నింగ్' తీసింది. చాలా మంచి సినిమా, అందులో సందేహం లేదు. సన్‌డాన్స్ ఉత్సవంలో పెద్ద బహుమతి వచ్చింది, థియేటర్లలో లక్షల డాలర్లు వచ్చాయి. తమ బతుకుల్ని కెమెరా ముందు విప్పిచెప్పినవాళ్ళు మాకేమిటని అడిగారు. పారిస్ డుప్రీ, అంటే ఆ సినిమాకి ఎవరి బాల్ పేరు పెట్టారో ఆ మనిషి, కోర్టుకెక్కే ప్రయత్నం చేసింది. ముందే సంతకం పెట్టిన కాగితాలు అడ్డొచ్చాయి. చివరికి సుమారు 55 వేల డాలర్లు పదమూడు మందికి పంచారు. దర్శకురాలు చెడ్డదని నేననను. ఆమె కూడా క్వియరే, ఆమెకి వాళ్ళంటే ప్రేమే. అయినా ఎవరి కథ, ఎవరి కెమెరా, చివరికి ఎవరి పేరు నిలబడింది అన్న లెక్క ప్రేమతో చెరిగిపోదు. నల్లజాతి స్త్రీవాద రచయిత్రి బెల్ హుక్స్ ఆ సినిమా మీద రాసిన విమర్శలో ఈ లెక్కే అడిగింది. ఆ సినిమా పూర్తికాకముందే, అందులో కనబడిన వీనస్ ఎక్స్‌ట్రావగాంజా హత్యకి గురైంది. ఏంజీ ఎక్స్‌ట్రావగాంజా, డోరియన్ కోరీ 1993లో పోయారు. ప్రపంచం వాళ్ళ మాటల్నీ భంగిమల్నీ అప్పటికే ఇంటికి పట్టుకుపోయింది.

ఇదంతా పాత కథ అని అనుకోకు. 2023 జులైలో బ్రూక్లిన్‌లో ఒక పెట్రోలు బంకు దగ్గర ఓషే సిబ్లీ అనే ఇరవై ఎనిమిదేళ్ళ నల్లజాతి గే నర్తకుడు, బియాన్సే పాటకి స్నేహితులతో కలిసి వోగ్ చేస్తుంటే, అక్కడికక్కడే కొందరు కుర్రాళ్ళు బూతులు తిట్టి గొడవకి దిగారు. కత్తిపోటుకి అతని ప్రాణం పోయింది. అదే అడుగు నువ్వు దీపావళి వేదిక మీద వేస్తే మీ ఆంటీలు ఈలలు వేసి ఫొటోలు తీసుకుంటారు. అడుగు ఒకటే, ఆ ఒంటి రంగుని బట్టి దాని ధర మారిపోయింది. ఆ అమ్మాయి నిన్ను అడిగినప్పుడు ఆమె మనసులో ఏముందో నాకు తెలియదు గానీ, ఆ తేడా ఆమెకి తెలియకుండా ఉండదు.

ఇక్కడే నీ వాదం గురించి చెప్పాలి. నీ ఒళ్ళు నలుపన్నది నిజం. కానీ ఈ దేశంలో మనం వచ్చిన దారి వేరు, వాళ్ళని తెచ్చిన దారి వేరు. మనం వీసా కాగితాలతో, డిగ్రీలతో విమానం దిగాం. దిగిన వారంలోపే మన కుర్రాళ్ళు కొత్తవాళ్ళకి నేర్పే మొదటి పాఠం ఏ పేటలో ఇల్లు తీసుకోకూడదన్నది, తమలో తాము మాట్లాడుకునేటప్పుడు నల్లవాళ్ళని ఏ మాటతో పిలుస్తారన్నది. ఆ మాట నీకు తెలుసు; నీ రూమ్మేట్లు వాడుతుంటే నువ్వు ఊరుకుంటున్నావని నీ ఉత్తరంలోనే ఒక వాక్యంలో దాటేశావు. నాతో ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్న తను నల్లజాతి మనిషని నీకు తెలుసు. తనని వెంటబెట్టుకుని ఒక తెలుగు వేడుకకి వెళితే, నేను ఆడదానితో కాపురం ఉంటున్నానన్న సంగతి జీర్ణించుకున్నవాళ్ళు కూడా తన రంగు జీర్ణించుకోలేకపోయారు. పళ్ళెం చేతికిచ్చేటప్పుడు వేళ్ళు తగలకుండా జాగ్రత్తపడ్డ చేతులు నేను చూశాను. తెల్లవాళ్ళ గే బార్లో తనని గుర్తింపు కార్డు రెండోసారి చూపించమనడమూ చూశాను. రెండు చోట్లా తలవంపు తనకే. నువ్వూ నేనూ ఒక చోట బాధితులం, ఇంకో చోట ఆ చేతులవాళ్ళ బంధువులం.

ఇంకో సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. 2016 జులైలో టొరంటో ప్రైడ్ ఊరేగింపులో, గౌరవ అతిథులుగా పిలిచిన బ్లాక్ లైవ్స్ మ్యాటర్ బృందం దాదాపు అరగంటసేపు రోడ్డు మీద కూర్చుని ఊరేగింపు ఆపేసింది. పోలీసు శకటాలు వద్దన్నారని పేపర్లన్నీ రాశాయి. వాళ్ళ డిమాండ్ల పట్టీలో నల్లజాతి క్వియర్ యువత కార్యక్రమాలకి డబ్బు పెంచమని ఉంది, ప్రైడ్ ఉద్యోగాల్లో తమవాళ్ళని పెట్టమని ఉంది. దాంతోపాటు, తీసేసిన దక్షిణాసియా వాళ్ళ వేదికని తిరిగి పెట్టమని కూడా ఉంది. మన వేదిక, మధూ. జనం బూతులు తిడుతుంటే, ఎండలో తారురోడ్డు మీద కూర్చుని నల్లజాతి పిల్లలు మన వేదిక కూడా అడిగారు. నాకు ఆ పట్టీ చదివినప్పుడు కన్నీళ్ళు ఆగలేదు. ఆ అమ్మాయి మీద కోపమొచ్చినప్పుడల్లా ఆ అరగంట తలుచుకో.

మూడోది, చప్పట్ల ఘట్టం. దీని గురించి నాకు రెండో ఆలోచన లేదు: అది తీసెయ్యి.

అది మన సంస్కృతే కదా అంటావు. ఎవరి సంస్కృతి? నువ్వూ నేనూ పుట్టింది గుంటూరులో కులం పేరు చెప్పుకోవాల్సిన అవసరం లేని ఇంట్లో. అడక్కుండానే అందరికీ తెలిసేది, ఎవరూ మనని మంచినీళ్ళ గ్లాసు దగ్గర ఆపలేదు. హిజ్రాలు మన వీధిలోకి వస్తే మీ అమ్మమ్మ గబగబా తలుపు గడియ పెట్టేది. హైదరాబాదులో గురువు దగ్గర చేలాగా, అంటే శిష్యురాలిగా, చేరి, ఆ ఇంటి కట్టుబాట్లకి తలొగ్గి, పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ బధాయి కానుకలు అడిగి, సిగ్నళ్ళ దగ్గర చెయ్యి చాపి, పోలీసు లాఠీ తిని బతికినవాళ్ళ ఒంట్లోవి ఆ చప్పట్లు. అది వాళ్ళు ఒకరినొకరు గుర్తుపట్టుకునే పిలుపు, మీదికొచ్చేవాణ్ణి ఆపే ఆయుధం. వాళ్ళలో పేద ముస్లింలు, దళితులు ఎంతమంది ఉన్నారో మనలాంటి ఇళ్ళల్లోంచి వచ్చినవాళ్ళు ఎంత తక్కువో ఆ ఇళ్ళకి వెళ్ళి చూసినవాళ్ళకి తెలుసు. ఆ చప్పట్ల గురించి నువ్వు పంపిన నోట్సులో "మన ప్రాచీన తృతీయ ప్రకృతి వారసత్వం" అని రాసి ఉంది. అమెరికాలో కొందరు తెల్లజాతి రచయితలూ సరిగ్గా ఇదే చేస్తారు. తమ ట్రాన్స్ జీవితాలకి పురాతన సాక్ష్యం కావాలని హిజ్రాలని తెస్తారు, ఇక్కడి ఆదివాసీ తెగల టూ-స్పిరిట్ మనుషుల్ని తెస్తారు. టూ-స్పిరిట్ అన్న పేరు 1990లో కెనడాలోని విన్నిపెగ్ దగ్గర జరిగిన సమావేశంలో ఆదివాసీ క్వియర్ జనం తమ కోసం, తమ తెగల ఆచారాల కోసం తాము పెట్టుకున్నది. దాన్ని ఇప్పుడు ఎవరు పడితే వాళ్ళు తమ ప్రొఫైల్లో తగిలించుకుంటున్నారని నువ్వే ఒకసారి నాతో విసుక్కున్నావు. ఆ విసుగు న్యాయమైందే.

ప్రాచీన గౌరవం అంటావా, హైదరాబాదు కథ విను. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టంలో హిజ్రాల మీద నిఘా పెట్టింది. ఆ బాటలోనే నిజాం రాజ్యంలో 1919లో ఒక చట్టం వచ్చింది. నగరంలోని హిజ్రాల పేర్లతో పోలీసులు రిజిస్టరు పెట్టాలి. ఆడవేషంలో, నగలతో వీధిలో కనబడినా, పదిమందిలో పాడినా ఆడినా వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు, రెండేళ్ళదాకా జైల్లో పెట్టొచ్చు. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ పుట్టింది, విడిపోయింది. ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో మిగిలింది. 2018లో వైజయంతి వసంత మొగ్లీ, మరికొందరు ట్రాన్స్ ఉద్యమకారులు హైకోర్టుకి వెళ్ళారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, ట్రాన్స్ మనుషులకి ఆసరా పింఛను కూడా ఇవ్వమంది. నీ డాన్సులో శిఖండి ఉన్నాడు గానీ ఈ పోరాటం చేసినవాళ్ళు లేరు. పురాణంలో ఉన్నవాళ్ళని ఎత్తుకోవడం తేలిక, వాళ్ళు మనని ఏమీ అడగరు.

దీన్ని నీ ఒక్కడి తప్పుగా నేను చూడటం లేదు. మన దేశపు క్వియర్ ఉద్యమంలో కులం గురించి మాట్లాడితే ఐక్యత చెడగొడుతున్నారని ఎన్నేళ్ళు అన్నారో! 2015లో ముంబై పత్రికలో ఒక తల్లి తన కొడుక్కి వరుడు కావాలని ప్రకటన ఇస్తే దేశమంతా చప్పట్లు కొట్టింది. ఆ తల్లి ధైర్యానికి నేనూ మనసులో దణ్ణం పెట్టుకున్నాను. కులం పట్టింపు లేదంటూనే తమ కులమైతే మేలని ఆ ప్రకటనలో ఉన్న సంగతి మాత్రం దళిత క్వియర్ పిల్లలు ఎత్తిచూపేదాకా చాలామందికి కనబడలేదు. అదే ఏడాది ఢిల్లీ ప్రైడ్‌లో కొందరు తాము దళితులమని, క్వియర్లమని రెండూ కలిపి బాహాటంగా చెప్పుకున్నారు. తమిళనాడులో గ్రేస్ బాను అనే దళిత ట్రాన్స్ ఉద్యమకారిణి, ట్రాన్స్ మనుషులకి అన్ని కులాల కోటాల్లోనూ అడ్డంగా రిజర్వేషన్ కావాలని ఏళ్ళుగా కొట్లాడుతోంది. 2014లో సుప్రీంకోర్టు నాల్సా తీర్పులో ట్రాన్స్ మనుషులని వెనకబడిన తరగతులుగా చూడమంది. అందరినీ ఆ ఒక్క గాటన కట్టేస్తే, దళిత ట్రాన్స్ మనిషి ఎస్సీగా తనకున్న హక్కు ఏమవ్వాలన్నది ఆమె ప్రశ్న. నువ్వు ఇక్కడ తెల్లవాళ్ళని అడగాలనుకున్న ప్రశ్నలన్నీ అక్కడ వాళ్ళు మనని అడుగుతూనే ఉన్నారు.

పి. సత్యవతి గారు తెలుగులోకి తెచ్చిన 'ఒక హిజ్రా ఆత్మకథ' నీకు పంపిస్తున్నాను. రేవతి అనే తమిళ హిజ్రా రాసుకున్న జీవితకథ అది. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. చదువు. చదివాక కూడా ఆ చప్పట్లు వేదిక మీద కొట్టాలనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి, వాదించుకుందాం.

మరి డాన్సు మానెయ్యాలా అంటే, వద్దు. నీ ఒళ్ళు ఆ ఆటలో తేలికపడుతుందని రాశావు. ఇంట్లో నడక సరిచేసుకోమని తిట్లు తిన్న పిల్లాడికి అది ఎంత పెద్ద ఊరటో నాకు తెలుసు. ఆ ఊరట నీ దగ్గర్నుంచి లాక్కోవడం నా ఉద్దేశం కాదు. బాల్ లోకం తలుపులు మూసుకుని కూర్చునేదీ కాదు. కానీ అది చుట్టరికాల మీద నడిచే లోకం. పెళ్ళివారింటికి పిలవకుండా వచ్చి పీటల మీద కూర్చునే మనిషిని ఎలా చూస్తామో, ఎవరితోనూ పరిచయం లేకుండా యూట్యూబ్ చూసి అడుగులు పట్టుకుని వేదికెక్కేవాణ్ణి వాళ్ళూ అలాగే చూస్తారు. నీకు వోగ్ నేర్పుతున్న జిమ్ టీచరు ఉందన్నావు కదా, ఆమె ఎవరి దగ్గర నేర్చుకుందో అడుగు. తెలియదంటే ఇంకో గురువుని వెతుక్కో. మీ ఊళ్ళో బాల్‌లు జరుగుతాయి. టికెట్టు కొనుక్కుని వెళ్ళు, మొదట్లో పోటీకి దిగకు, గోడ పక్కన నిలబడి చూడు, కుర్చీలు సర్దే పనుంటే సర్దు. హౌస్ వాళ్ళు నేర్పే క్లాసులుంటే ఆ డబ్బు వాళ్ళకే కట్టు. దీపావళి కార్యక్రమానికి మీ సంఘం బాలీవుడ్ డీజేకి ఇచ్చే డబ్బుతో పోలిస్తే, అలా నీకు నేర్పే నల్లజాతి గురువుని పిలిచి, మర్యాదగా పారితోషికమిచ్చి వేదిక మీద ఆమె పేరు చెప్పించడం పెద్ద ఖర్చు కాదు. కమిటీ ఒప్పుకోకపోతే ఈ ఏడాది నువ్వు వేదికెక్కకు. నష్టమేం లేదు.

నల్లజాతి వాళ్ళ యాస కూడా వదిలెయ్యమనే చెబుతాను. ఈ మధ్య నువ్వు ఫోన్లో ప్రతి వాక్యమూ నల్లజాతి ఆడపిల్లల్లా మాట్లాడుతున్నావు. అదే యాసలో ఆ పిల్లలు ఇంటర్వ్యూకి వెళితే ఉద్యోగం రావడమే కష్టం. నీకేమో అది సరదా. నీ గుంటూరు యాస ఏమైంది? అది ఎంత బావుంటుందో!

ఆ యాప్‌లో తగిలిన దెబ్బకి మందు తెల్లవాళ్ళ మెప్పులో దొరకదు. 1986లో బే ఏరియాలో ఇద్దరు భారతీయ కుర్రాళ్ళు 'త్రికోణ్' మొదలుపెట్టారు, మనలాంటివాళ్ళు ఒకచోట చేరడానికి. అలాంటి దక్షిణాసియా క్వియర్ బృందాలు ఇప్పుడు చాలా ఊళ్ళలో ఉన్నాయి. వెళ్ళు. వెళ్ళినప్పుడు అక్కడ ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు మూల కూర్చున్నారో గమనించు. ఇంటిపేరు అడిగి లెక్కకట్టే అలవాటు అక్కడికీ మనతోపాటే విమానం ఎక్కి వచ్చింది. ఎవరైనా నిన్ను ఇంటిపేరు అడిగితే, ఎందుకని తిరిగి అడుగు.

రూమ్మేట్ల సంగతి అన్నిటికన్నా ముందు తేల్చుకో. ఆ మాట మళ్ళీ అన్నప్పుడు, అద్దె పంచుకునే మనుషులతో తగువెందుకని ఊరుకోకు. పెద్దగా ఉపన్యాసం అక్కర్లేదు. "నా ముందు ఆ మాట అనొద్దు" అంటే చాలు. దానికి వాళ్ళు నీ నడక గురించో గొంతు గురించో ఎగతాళి చేస్తే, ఆ ఇల్లు వదిలి నా దగ్గరికి వచ్చెయ్యి, కొత్త గది దొరికేదాకా ఉందువుగాని. తను నీ కోసం మేడమీద గది సర్దిపెట్టింది.

ఆ అమ్మాయికి సారీ చెప్పాలా అని అడిగావు. చెప్పు. చెప్పి, ఆమె నిన్ను ఓదార్చాలని ఎదురుచూడకు. ఆమె ఇంకా కోపంగానే ఉంటే ఆ కోపం ఆమె దగ్గరే ఉండనీ. ఏదైనా అడిగితే నిజం చెప్పు, అడగకపోతే నీ పని నువ్వు చూసుకో.

మీ అమ్మకి ఈ వేడుక వీడియో పంపే విషయం మాత్రం ఉత్తరంలో తేలేది కాదు. శనివారం రాత్రి ఫోన్ చెయ్యి. మీ అమ్మకి ఏ మాట ముందు చెప్పాలో, ఏది తర్వాత చెప్పాలో దాని అక్కనైన నాకే బాగా తెలుసు.

ప్రేమతో,
పెద్దమ్మ